తుడవని తుపాకీ

గండయ్య ఐదో గుండు కాల్చి, గాలి తుపాకీ మీది నుంచి చెంప తీసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. యాభై మీటర్ల అవతల ఇసుక బస్తాలకు అంటించిన కాగితం దాకా నడిచి వెళ్ళి చూడాలి. దూరం నుంచి చూపించే అద్దం తెచ్చుకోమని అందరూ చెప్పారు గాని, ముప్పై ఎనిమిదేళ్ళు లేత్ మిషను ముందు నిలబడ్డవాడికి నడక ఒక లెక్కా? మేడ్చల్‌లో మూతపడిన బిస్కెట్ల ఫ్యాక్టరీ వెనక ఉన్న ఆ పొడుగాటి సందులో పదకొండు రోజుల్లోనే అతని చెప్పులకు సన్నటి దారి పడింది.

కాగితం ముందు ఆగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మళ్ళీ దించుకుని చూశాడు. ఐదు రంధ్రాలు లేవు. ఒక్కటే ఉంది. చొక్కా గుండీ పెడితే మూసుకుపోయేంత.

సంతోషపడాల్సింది పోయి గండయ్యకు ఒళ్ళు మండింది. నిన్న సాయంత్రం అతను తుపాకీని తుడవలేదు మరి.

తుపాకీ ఆఫ్షీన్‌ది. ఆదివారం శామీర్‌పేటలో క్లబ్బు పోటీ ఉంది, ఆ పిల్ల దానితోనే కాల్చాలి. ఆమె తండ్రి రషీద్ గండయ్యకు ఉస్తాద్. జీడిమెట్ల షెడ్డులో గండయ్యకు లేత్ నేర్పింది ఆయనే. రషీద్ నేర్పిన మొదటి మాట, చివరి మాట ఒకటే: పని ముగిస్తే తుడువు, నూనె పెట్టు, అప్పుడు ఇంటికి పో. గండయ్య తన పెళ్ళినాడు కూడా పొద్దున్నే వచ్చి మిషనుకు నూనె పెట్టి వెళ్ళాడని షెడ్డులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. తన తలకు నూనె లేకపోయినా ఆ ఇనుముకు మాత్రం ఉంటుందని భార్య సత్తమ్మ దెప్పని రోజు లేదు. గండయ్య నొచ్చుకోడు. అందులో అబద్ధమేముంది?

కూతురి కోసం ఈ తుపాకీని సరిచేయడం మొదలుపెట్టింది రషీదే. షుగరు ముందు ఆయన చూపు తీసుకుంది, తర్వాత మూత్రపిండాల మీద పడింది. పోయిన వారం ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఐదు గుండ్లూ ఒక్క రంధ్రంలో పడాలి, అదీ తాను ఉండగానే పడాలి అని రషీద్ గండయ్య చేతిలో తుపాకీ పెట్టాడు.

గాలి తుపాకీలో వేసే మామూలు గుండు, పెల్లెట్‌కు నడుము సన్నగా ఉంటుంది, మన తప్పులు కొన్ని కడుపులో పెట్టుకుంటుంది. ఈ తుపాకీలో వేసే స్లగ్గు అలా కాదు. నిలువెల్లా గట్టి సీసం, గొట్టాన్ని ఒరుసుకుంటూ పోతుంది. లోపలి గాలి ఒత్తిడికీ, స్ప్రింగు దెబ్బకూ పొత్తు కుదిరితే ఈదురుగాలిని కూడా లెక్కచేయదు. కుదరకపోతే అడ్డదిడ్డంగా పోతుంది. గండయ్య రోజూ పొద్దున కాల్చేవాడు, గుండ్లు పిడికెడు జొన్నలు విసిరినట్టు చెదిరేవి. స్ప్రింగు మర పావు తిప్పు తిప్పేవాడు. మధ్యాహ్నానికి దగ్గరపడేవి. తన పనితనానికి తానే మురిసి, గొట్టంలోకి గుడ్డ దూర్చి తుడిచి, నూనె పెట్టి, తాళం వేసి పోయేవాడు. తెల్లారితే మళ్ళీ జొన్నలే. స్ప్రింగును అనుమానించాడు, స్లగ్గుల సైజును అనుమానించాడు, చివరికి తన కన్నునూ అనుమానించాడు. నూనెను మాత్రం అనుమానించలేదు. దేవుణ్ణి ఎవరైనా అనుమానిస్తారా?

నిన్న నాలుగింటికి, రషీద్‌కు ఊపిరి అందడం లేదని ఆఫ్షీన్ ఫోన్ చేస్తే, ఉన్నపళంగా తాళం వేసి పరుగెత్తాడు. ఈ పొద్దున తప్పు దిద్దుకుందామని గుడ్డ తీసి, గాలి లేచేలోపు ఐదు గుండ్లు కాల్చేద్దామని ఆగాడు. ఆ ఐదే ఈ ఒక్క రంధ్రం.

నమ్మలేక గొట్టం తుడిచాడు, నూనె పెట్టాడు, కాల్చాడు. అరచేతి వెడల్పున చెదిరాయి. మర ముట్టుకోకుండా కాలుస్తూ పోయాడు. ఇరవై దాటాక ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చాయి, ముప్పైకి ఒక్కటయ్యాయి. మళ్ళీ తుడిచాడు, మళ్ళీ చెదిరాయి, మళ్ళీ కలిశాయి. టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. గొట్టం లోపల పలచగా అంటుకునే సీసమే స్లగ్గుకు దారి. ఆ దారిని ప్రతి సాయంత్రం తన చేత్తో తానే చెరిపేశాడు. కంచే చేను మేసింది. ఉస్తాద్ మాటను తప్పు పట్టినందుకు గండయ్యకు ఎక్కడ లేని సిగ్గూ ముంచుకొచ్చింది. అయినా మూడోసారి కూడా పరీక్షించాడు.

మూడింటికి చివరి కాగితం మడతపడకుండా అట్టలో పెట్టి, తుపాకీ సర్దాడు. చెయ్యి దానంతటదే గుడ్డ కోసం పోయింది. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో కుక్కుకుని కాసేపు నిలబడ్డాడు.

గాజులరామారంలో ఇంటి ముందుగదిలో రషీద్ మంచం మీద ఉన్నాడు. పక్కన ఆఫ్షీన్ కూర్చుని ఉంది. గండయ్య తుపాకీని గోడకు ఆనించి, కాగితం ఆయన చేతికిచ్చాడు. వేళ్ళు కాగితమంతా తడిమి, రంధ్రం దగ్గర ఆగాయి. చిటికెనవేలి కొన అందులో దూరింది. ఎన్ని గుండ్లని అడిగాడు. ఐదని చెప్పాడు గండయ్య.

"నూనె వెట్టినవా?"

పెట్టానంటే సరిపోతుంది, ముసలాయన నెమ్మదిగా ఉంటాడు. కానీ ఆఫ్షీన్ వింటోంది. తండ్రి మాట ఆమెకూ వేదమే. శనివారం సాయంత్రం శుభ్రంగా తుడిచి, ఆదివారం పొద్దున గురి చెదరగొట్టుకుంటుంది.

"వెట్టలే ఉస్తాద్. తుడువలే గూడ. తుడిస్తే శెదిరిపోతున్నయ్. మూడుమాట్ల జూసిన."

రషీద్ చిటికెనవేలు మళ్ళీ రంధ్రంలో దూర్చి తిప్పాడు. గండయ్య నేల చూస్తూ కూర్చున్నాడు.

"అంటే నేను నేర్పింది గలత్?"

"లేతుకు గాదు. గీ గొట్టానికి గలత్."

దుప్పటి కదిలింది. నవ్వుతున్నాడని తెలియడానికి గండయ్యకు కొంత సమయం పట్టింది.

"ముప్పై ఎనిమిదేండ్లకు ఒక్కసారన్న నా మాట దాటినవ్. ఇగ నువ్వు పనిమంతునివి, కారీగర్‌వి." తర్వాత తల కూతురి వైపు తిప్పాడు. "బేటా, చాచా జెప్పినట్టు జెయ్. తుడువకు."

గండయ్య ఇంటికి పోతున్న బస్సు పేట్ బషీరాబాద్ చేరుతుండగా ఫోన్ మోగింది. ఆఫ్షీన్ గొంతు నిలకడగానే ఉంది. "చాచా, అబ్బా పోయిండు."

గండయ్య అక్కడే దిగి ఎదురు బస్సెక్కాడు. వెళ్ళేసరికి రషీద్‌ను స్నానం చేయించడానికి పెరట్లోకి తీసుకెళ్ళారు. గుమ్మం దగ్గర ఆఫ్షీన్ అతన్ని చూసి, తుపాకీని ఎవరినీ ముట్టుకోనివ్వలేదని చెప్పింది. అప్పుడు ఏడ్చాడు గండయ్య.

ముందుగదిలో మంచం ఖాళీగా ఉంది. పక్క మీద కాగితం ఉంది. వేలు దూర్చీ దూర్చీ ఆ రంధ్రం కొంచెం పెద్దదయింది.