లోపల మడత వదలని పట్టీ

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది తల నెరిశాక, మనవరాలి పక్కన కూర్చుని. ఒత్తులు అక్కడక్కడ జారిపోయి ఉంటాయి, దీర్ఘాలు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడి ఉంటాయి. రాయడం కూడా బాగా నెమ్మది. ఒక వాక్యం పూర్తయ్యేలోపు పొయ్యి మీద పాలు పొంగి చల్లారిపోతాయి. తప్పులుంటే మన్నించి, మీరే సరిచేసుకుని చదువుకోండి.

మా వీధిలో కుట్టుమిషను పెట్టుకున్న ఆమెను అందరూ మిషనక్క అంటారు. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు. మొగుడు లారీ మీద తిరిగే మనిషి, ఇంటి పట్టున ఉండడు. ఇంట్లో ఉండేది తను, అత్తగారు, మిషను. ఈ ముగ్గురిలో అప్పుడప్పుడైనా నోరు మూసుకునేది మిషనొక్కటే అని ఆమె నవ్వుతూ చెప్పేది, అత్తగారికి వినబడేలాగే.

పిల్లల బట్టలంటే మిషనక్కే కుట్టాలి. అంచుల్లో, పక్కల్లో బోలెడంత గుడ్డ లోపలికి మడిచి వదిలేది. పిల్ల ఎదిగినప్పుడల్లా ఆ మడత విప్పి మళ్లీ కుట్టి ఇచ్చేది. ఆమె కుట్టిన గౌను అక్క వేసుకుని, చెల్లెలు వేసుకుని, అప్పటికీ చిరగక బొమ్మకి తొడిగిన ఇళ్లున్నాయి.

కొట్టు మెట్ల కింద ఒక గోధుమరంగు కుక్క ఉండేది. మిషనక్క పారేసిన గుడ్డపీలికల గుట్టలోనే అది పిల్లల్ని పెట్టింది. ఒక పొద్దున సరుకుల వ్యాను వెనక్కి వస్తూ దాన్ని చూసుకోలేదు. పీలికల్లో రెండు పిల్లలు మిగిలాయి, అప్పుడప్పుడే కళ్లు విప్పినవి. తల్లి ఇక రాదని తెలియక ఒకదాని చెవి ఒకటి చీకుతున్నాయి.

మిషనక్క వాటిని ఒళ్లో వేసుకుని లోపలికి తెచ్చింది. అత్తగారు మంచం మీంచే చూసింది.

"ఎవరికి కుట్టడానికి తెచ్చావే వాటిని?"

"పెంచుతాను అత్తయ్యా."

"మనం తినడానికే మనకు తీరిక లేదు. వాటి నోట్లో పెట్టేదెవరు?"

"నేనే."

"పెళ్లయిన కొత్తలో నాకు గ్లాసుడు మంచినీళ్లిచ్చావా ఇంత ముద్దుగా?"

"అడిగితే ఇచ్చేదాన్నే. మీరు అడగకముందే తిట్టేవాళ్లు కదా."

అత్తగారు మూతి ముడిచి గోడవైపు తిరిగింది. కాసేపటికి గోడవైపు తిరిగే తన పాత శాలువా తీసి కిందికి విసిరింది.

పశువుల డాక్టరమ్మ రెండింటినీ తిప్పి తిప్పి చూసింది. పెద్దది గుండ్రంగా, అరుస్తూ ఉంది. చిన్నది అరచేతిలో వణుకుతోంది. "ఆవుపాలు పట్టకండి, కడుపు పాడవుతుంది. ఈ పాలపొడి కలిపి, సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కగా పట్టండి. వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. తల్లి నాకే చోట తడి దూదితో తుడిస్తేనే ఒంటికి పోస్తాయి, మర్చిపోకండి," అంది. తర్వాత చిన్నదాన్ని చూపించి గొంతు తగ్గించింది. "దీని మీద కన్నేసి ఉంచండి. దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను."

ఆ మాట మిషనక్క గుండెలో ముల్లులా దిగింది. అప్పట్నుంచి ఆమె ఏ పని మీదున్నా చెవి మాత్రం బుట్ట దగ్గరే ఉండేది. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపేసేది. చిన్నది ఊపిరి తీస్తోందా? లేచి వెళ్లి పొట్ట కదలడం చూసి, మళ్లీ వచ్చి కూర్చునేది. దారం ఎక్కించేలోపు మళ్లీ అదే బెంగ.

పెద్దదానికి ఉండ అని పేరు పెట్టింది, చుట్టిన దారం ఉండలా ఉండేది కాబట్టి. చిన్నదానికి పోగు.

కష్టమేమిటంటే రెండూ ఒకే రంగు. బుట్టలో ఒకదాని మీద ఒకటి పడి ముడిపడిపోయి ఉంటే ఏ తల ఎవరిదో తెలిసేది కాదు. ఉండ తన పాలు తాగేసి, ఏమీ ఎరగనట్టు రెండోసారి మూతి చాపేవాడు. ఒకపూట పోగు వంతు కూడా వాడికే పోసినట్టు తెలిసి మిషనక్క ఏడ్చినంత పని చేసింది. వెంటనే రెండు మెత్తటి పీలికలు కత్తిరించింది. ఉండకి నీలం పట్టీ, పోగుకి ఎరుపు.

కొట్టులో కాజాలు కుట్టి, బొత్తాలు వేసే ముసలామె ఉంది, బొత్తాలమ్మ. "బొత్తాం పెట్టనా తల్లీ, తీసి వేసుకోవచ్చు?" అని అడిగింది.

"వద్దు పెద్దమ్మా, పీకి మింగేస్తాయి. వదులుగా కట్టినా కాలో పన్నో ఇరుక్కుంటుంది," అంది మిషనక్క. జంటదారం ఎక్కించి, పట్టీని మెడకి సరిగ్గా సరిపెట్టి, మెడ మీద ఉండగానే రెండు కొసలూ కలిపి కుట్టేసింది.

పూటలు గడిచిన కొద్దీ ఉండ బలిశాడు. అత్తగారే ఒకరోజు, "వీడి మెడ చూడవే, మీ మామగారి మెడలా మడతలు పడుతోంది," అంటే, మిషనక్క నవ్వి నీలం పట్టీ విప్పి, ముక్క అతికి, వదులు చేసింది. పోగు సంగతి ఎవరూ ఎత్తలేదు. వాడు బక్కవాడు, వాడికేం బిగుతవుతుంది? ఆమె వాడికి మధ్యమధ్యలో విడిగా పాలు పట్టేది, తర్వాత కొట్లో దొరికే కుక్కల తిండి గింజలు నానబెట్టి, మెత్తగా చేసి వేలితో నాకించేది. వాడు లేచి నడిచాడు, పరిగెత్తాడు, అత్తగారి చెప్పు ఈడ్చుకుపోయాడు. అయినా ఆమె కళ్లకి వాడు ఆ మొదటిరోజు అరచేతిలో వణికిన పిల్లే. బొచ్చు ఉన్నిలా ఒత్తుగా పెరిగింది. పాలు కారి కారి ఎర్రపట్టీ కూడా ఒంటిరంగులోకే దిగిపోయింది. ఇప్పుడు ఏది ఎవరో గుర్తుపట్టడానికి పట్టీ అవసరం లేదు కాబట్టి, దానివైపు చూసేవాళ్లూ లేరు.

డాక్టరమ్మ ఫోనులో ఒక సలహా చెప్పింది. "తోబుట్టువుల్ని ఎప్పుడూ అంటిపెట్టుకుని పెరగనిస్తే, రేపు ఒకటి లేనిదే ఒకటి అడుగు వేయదు. మీ మాటా వినవు. రోజూ కాసేపు విడిగా ఉంచడం అలవాటు చేయండి."

మిషనక్క ఉండని వంటింట్లో చెక్కపలక అడ్డం పెట్టి ఉంచింది, పోగుని కొట్టులో మిషను కింద. రెండూ ఇల్లు లేచిపోయేలా అరిచాయి.

"అన్నదమ్ముల్ని అప్పుడే వేరు పెట్టించావా?" అంది అత్తగారు. "నా కొడుకుని నా దగ్గర్నుంచి వేరు చేయలేకపోయావు, ఆ ముచ్చట వీళ్లతో తీర్చుకుంటున్నావా?"

"మీ కొడుకుని లారీ వేరు చేసింది, నేను కాదు," అంది మిషనక్క. కానీ తెచ్చుకున్న నవ్వు పెదవి దాటలేదు. పోగు సరిగ్గా తినడం మానేసింది ఆ రోజుల్లోనే.

మొదట గిన్నె దగ్గరికి ఆశగా వచ్చేవాడు. రెండుసార్లు నాకి, మెడ సాచి, మింగలేనట్టు వెనక్కి జరిగేవాడు. పొడిదగ్గు దగ్గేవాడు. వెనక్కాలితో చెవి కింద అదే పనిగా గోక్కునేవాడు. గోమారేమోనని ఆమె దువ్వెన పెట్టి వీపంతా వెతికింది, ఏమీ దొరకలేదు. మెడ దగ్గరికి దువ్వెన వస్తే కుయ్యిమని జారుకునేవాడు. అన్న మీద బెంగ పెట్టుకున్నాడనుకుంది. చేజేతులా విడదీశానని కుమిలిపోయింది.

అందుకని మళ్లీ ఇద్దర్నీ కలిపింది. కలిపితే ఇంకో భయం. ఉండ ఎగిరి వచ్చి, తమ్ముడి మెడ మీద పడి నాకడం, పళ్లతో పట్టి లాగడం. పోగు సన్నగా ఏడుస్తున్నా వాడు వదల్లేదు.

"చంపేస్తున్నాడే వీడు!" అత్తగారు విసనకర్ర విసిరింది. "వెధవా, తమ్ముణ్ణి తింటావురా? కడుపు నిండా తిన్నది చాలలేదా?"

మిషనక్క ఉండని ఎత్తి వంటింట్లో పడేసి పలక అడ్డం పెట్టింది. వాడు పలకని గోళ్లతో గీరుతూనే ఉన్నాడు. విడిగా ఉంచితే బెంగ, కలిపితే కొరుకుడు. ఏం చేసినా పోగు ఇంకొంచెం జారిపోతున్నట్టే ఉంది.

మర్నాడు పోగు గిన్నెవైపు చూడనైనా చూడలేదు. మూతి నేలకి ఆనించి, ఊపిరికి ఊపిరికి మధ్య గురకలాంటి చప్పుడు చేస్తున్నాడు. ఫోను చేస్తే డాక్టరమ్మ పక్క ఊరి పశువుల కొట్టాల దగ్గర ఉంది. "సాయంత్రానికి వస్తాను, తీసుకురండి. ఈలోపు బలవంతంగా ఏమీ పట్టకండి," అంది.

సాయంత్రం ఎప్పటికయ్యేను? మిషనక్క పోగుని బుట్టలో పెట్టి, కత్తిరించే బల్ల మీద కళ్లెదుట ఉంచుకుంది. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని ఒక జాకెట్టు చేతిలోకి తీసుకుంది. కుట్టిందే మళ్లీ కుట్టింది. దారం తెగింది. అత్తగారు గుమ్మంలో కూర్చుంది. ఆ పూట ఒక్క దెప్పుమాట లేదు. దానికే ఇంకా భయం వేసింది.

"దక్కుతాడంటారా అత్తయ్యా?"

"నన్నడుగుతావేం? నేనేమన్నా డాక్టర్నా?" అంది ముసలామె. తర్వాత మెల్లగా, "వాడికి ఆకలుంది. చూశావా, గిన్నె చప్పుడైతే చెవి లేపుతున్నాడు. ఆకలుంది, మింగుడుపడట్లేదు," అంది.

అప్పుడు బొత్తాలమ్మ ఒక గౌను పట్టుకుని వచ్చింది. ఎదురింటి పిల్లది, చంకల్లో పట్టేస్తోందని ఇచ్చి వెళ్లారు. లోపల మడత చూపించి, "ఎంత వదలమంటావు తల్లీ? సగం చాలా?" అంది.

మిషనక్క తల ఎత్తకుండానే, ఎప్పుడూ అనే మాటే అంది. "సగమేమిటి పెద్దమ్మా, ఉన్నదంతా వదిలెయ్యి. ఎదిగే పిల్ల. రోజూ చూసేవాళ్లకి ఎదుగుదల కనబడదు, బట్ట బిగిశాకే..."

మాట మధ్యలో ఆగిపోయింది. చేతిలో జాకెట్టు జారి కిందపడింది.

ఆమె బుట్టలోకి చెయ్యి పెట్టి, పోగు మెడ మీద బొచ్చు పాయలుగా విడదీసింది. పట్టీ కనబడలేదు. వేళ్లతో తడిమితే తగిలింది, బొచ్చులోకి, చర్మంలోకి కూరుకుపోయి. చుట్టూ తడి. ఉండ నాకి నాకి తడిపిన చోటే.

"అయ్యో, అత్తయ్యా! పట్టీ! నా పట్టీయే!"

"కత్తెర తే, కొయ్యి!"

"కత్తెర దూరదు. సందు లేదు."

అత్తగారు ఆ వయసులో అంత వేగంగా లేవడం ఎవరూ చూసి ఉండరు. వచ్చి, పోగుని రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుంది. బొత్తాలమ్మ దీపం దగ్గరికి వంచింది. మిషనక్క కుట్లు విప్పే చిన్న ములికి తీసుకుంది. పట్టీ అతుకు ఎక్కడుందో వెతికి, జంటదారం మీద మొన ఆనించింది. ఇటు చర్మం, అటు దారం. మధ్యలో గోరు పట్టేంత చోటు కూడా లేదు. తన కుట్టు గట్టిదని వీధంతా మెచ్చుకుంటే పొంగిపోయిన మనిషి, ఆ పూట ప్రతి కుట్టునీ తిట్టుకుంటూ విప్పింది. చెమట కళ్లలోకి కారుతుంటే బొత్తాలమ్మ కొంగుతో తుడిచింది. పోగు గురక ఒకసారి ఆగినట్టయింది. ఆమె చెయ్యి కూడా ఆగింది.

"ఆపకే," అంది అత్తగారు. "ఊపిరుంది. నా చేతికి తెలుస్తోంది. నువ్వు విప్పు."

ఆఖరి కుట్టు తెగాక పట్టీ దానంతటదే రాలేదు. తడి దూదితో తడిపి, కొంచెం కొంచెంగా తీయాల్సివచ్చింది. కింద ఎర్రటి గీత మెడ చుట్టూ. పోగు ఒక పెద్ద ఊపిరి తీశాడు, దగ్గాడు, అత్తగారి చేతి మీద తల వాల్చేశాడు.

సాయంత్రం అత్తాకోడళ్లు పిల్లలిద్దర్నీ తీసుకెళ్తే, డాక్టరమ్మ పుండు కడిగి, మందు రాసి, సూది వేసింది. "లోపలికి ఎక్కువ దిగలేదు. ఇంకో రెండు రోజులైతే గొంతు నొక్కేసేది. చీము పట్టకుండా చూసుకోండి. రేపటికి తింటే గండం గట్టెక్కినట్టే," అంది. మందు కొలవడానికి ముందు పోగుని కాటా మీద పెట్టింది. ఆ వెంటనే అత్తగారి ఒళ్లో ఉన్న ఉండనీ పెట్టింది. ఒకసారి దీన్నీ, ఒకసారి దాన్నీ చూసింది.

"ఇందులో బక్కపిల్ల ఏదన్నారు?"

కాటా పోగునే బరువని చెప్పింది. మధ్యమధ్యలో దాచి దాచి పెట్టిందంతా వాడి ఒంటికే పట్టింది. ఆమె కంటికే పట్టలేదు. మిషనక్క కాటా ముందు నిలబడి, ఏడవాలో నవ్వాలో తెలియక ముక్కు తుడుచుకుంది.

"వాడు కొరుకుతున్నాడని విసనకర్ర విసిరి కొట్టాను," అంది అత్తగారు, ఉండ తల నిమురుతూ. "వాడేమో విప్పాలని చూస్తున్నాడు. ఏమిరా, నోరు లేదా, చెప్పొచ్చు కదా?"

తెల్లారింది. మిషనక్క గింజలు మెత్తగా చిదిమి గిన్నెలో పెట్టి, కాస్త ఎడంగా కూర్చుంది. దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. పలక తీసేసి ఉంది. ఉండ ముందు వచ్చి, గిన్నెలో మూతి పెట్టకుండా తమ్ముడి మెడ వాసన చూశాడు. పోగు మెల్లగా వంగాడు. ఒకసారి నాకాడు. ఆగాడు. ఆమె కళ్లు వాడి గొంతు మీదే ఉన్నాయి. గొంతు కదిలింది, మింగాడు. ఇంకోసారి మింగాడు. తర్వాత గిన్నెలో రెండు కాళ్లూ పెట్టేసి అన్నని పక్కకి తోసేశాడు.

"దక్కాడే," అంది అత్తగారు గుమ్మంలోంచి. మిషనక్క గిన్నె ఖాళీ అయ్యేదాకా కదల్లేదు.

పుండు మానాక ఆమె కొత్త పట్టీలు కుట్టింది, బొత్తాంతో. లోపల ఎంత గుడ్డ మడిచిందంటే పోగు మెడలో దుప్పటి వేసుకున్నట్టు నడిచేవాడు.

"ఇది పట్టీనా, పరుపు గలీబా?" అంది అత్తగారు.

"ఎదుగుతాడు అత్తయ్యా."

 కోడలు చూడనప్పుడు రెండింటి పట్టీల కిందా వేలు దూర్చి చూసుకోవడం ముసలామెకి అలవాటైపోయింది. కోడలు కూడా, అత్తగారు చూడనప్పుడు, అదే పని.

ఇట్లు,
బొత్తాలమ్మ. వయసు డెబ్భై దాటింది. ఇప్పుడు ఉంటున్నది మిషనక్క కొట్టు వెనక, మెట్ల కింది గదిలో. రాసే చేతిని తోస్తూ పక్కనే పోగు ఉన్నాడు.