మైనాకి ఇనప లాడాలు

నరసరావుపేట బరంపేటలో హబీబుల్లా తన ఇంటి ముందు గుర్రాన్ని కట్టేసిన రోజు నుంచి ఆ వీధికి కొత్త గుర్తు వచ్చింది. గ్యాస్ బండ తెచ్చేవాడికైనా, చుట్టానికైనా ‘గుర్రం ఇంటి పక్కన’ అని చెబితే చాలు.

గుర్రం పేరు మైనా. ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లటి చుక్క. హైదరాబాదులో రేసులు గెలిచిన గుర్రం అది. హబీబుల్లా మీసాలు రాని వయసులో అక్కడ సాయీసుగా చేరాడు. సాయీసంటే గుర్రానికి మేత పెట్టి, ఒళ్ళు తోమి, రేసు రోజున కళ్ళెం పట్టుకుని నడిపించుకెళ్ళే మనిషి. మైనా పిల్లగా లాయానికి వచ్చినప్పటి నుంచీ దాన్ని సాకింది అతనే.

కొన్నేళ్ళుగా అక్కడ రోజులు బాగాలేవు. పందేల మీద పన్ను పెరిగింది. ఆడే జనం ఫోన్లలో ఆటలు మరిగారు. ఓనర్లు ఒక్కొక్కరే గుర్రాల్ని వదిలించుకున్నారు. లాయం సగం ఖాళీ అయ్యాక ట్రైనర్ గులాం మొహిద్దీన్ సాబ్ హబీబుల్లాని పిలిచాడు.

“మైనా ఓనరు చేతులెత్తేసిండు. దీన్ని నువ్వే తీస్కపో. సీజన్ మంచిగైతే పిలుస్తా, అప్పుడు తోల్కరా” అన్నాడు.

ఆ చివరి మాటనే హబీబుల్లా గట్టిగా పట్టుకున్నాడు. పిలుపు వస్తుందని రోజూ తెల్లవారకముందే మైనాని కోటప్పకొండ రోడ్డు పక్కన మట్టిదారిలో నడిపిస్తున్నాడు. కాళ్ళకి రేసు లాడాలు అలాగే ఉంచాడు. అవి అల్యూమినియంవి, రేసువాళ్ళు ప్లేట్లంటారు, పల్చగా ఉంటాయి, పరుగుకి తేలిక. సిమెంటు రోడ్డు మీద మాత్రం నాలుగు రోజుల్లో అరిగి నున్నగా అవుతాయి. ఆ సంగతి అతనికి తెలియక కాదు. ఇనప లాడాలు కొట్టిస్తే, ఇక రేసు లేదని తన చేత్తో తనే ఒప్పుకున్నట్టని అతని బాధ.

ఇంట్లో భార్య హజ్రా బీ లెక్క వేరు. “మనుషులం మనం ఏదన్నా సర్దుకుంటాం. దానికి సర్దుకోమని చెప్తావా?” అంది మేత బుట్ట కింద పెడుతూ. “చీరాల ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. మైనాని కొనుక్కుని బీచిలో పిల్లల్ని ఎక్కించుకు తిప్పుకుంటాడంట. ఆదివారం వస్తానన్నాడు.”

“మైనాని ఇసకలో పల్లీల బండి పక్కన నిలబెట్టేదానికి ఇయ్యాల్నా? నేనియ్యను.”

“ఇయ్యొద్దులే. మరి ఏలియా అన్న తెచ్చిన పెళ్ళి బేరం ఒప్పుకో. దాని మేత అది సంపాదించుకుంటది. రెండూ కాదంటే ఎట్టయ్యా?”

ఏలియా బ్యాండు మేస్త్రి. హబీబుల్లాతో కలిసి గోళీలాడినవాడు. చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లు ఆయన కొడుకు పెళ్ళికి ఊరేగింపు ఒప్పుకున్నాడు. వాళ్ళు గుర్రం కూడా కావాలన్నారు. ఆ సాయంత్రమే ఏలియా డ్రమ్ము భుజానికేసుకుని వచ్చాడు.

“ఒరేయ్ హబీబూ, మా మోతకి నీ రాణిగారు బెదిరి పెళ్ళికొడుకుని పడేస్తే నన్ను చిలకలూరిపేట పొలిమేర దాకా తరుముతార్రా. ముందు ఒకసారి చూద్దాం.”

“రేసుకోర్సులో అన్ని వేలమంది అరుస్తుంటే చెవి కదపలేదురా ఇది. నీ డ్రమ్మెంత, నువ్వెంత.”

“చానా మాట్లాడుతున్నావ్. పట్టు కళ్ళెం.”

ఏలియా వాయించాడు. మైనా చెవి కూడా కదపలేదు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. హబీబుల్లా ఛాతీ విరుచుకుని దాన్ని మలుపు దాకా నడిపించాడు. మలుపు దగ్గర ఎవరో ఇంటి ముందు కడిగిన నీళ్ళు సిమెంటు మీద పారుతున్నాయి. మైనా ముందు కాలు సర్రున జారింది. మోకాలు నేలకి తగిలింది.

మరుక్షణమే అది లేచి నిలబడింది. మోకాలి మీద తోలు కొంచెం లేచింది, అంతే. కానీ హబీబుల్లా ముఖంలో రక్తం లేదు. వంగి కాలెత్తి చూశాడు. లాడం అద్దంలా మెరుస్తోంది.

ఏలియా డ్రమ్ము దించి మెల్లగా అన్నాడు. “ఇది బెదరలేదురా. నువ్వే బెదిరి కూర్చున్నావు, ఇనుము కొట్టించేదానికి.”

హబీబుల్లా కళ్ళెం పట్టుకుని మైనాని ఇంటికి మళ్ళించాడు. మోకాలికి పసుపు అద్ది, గోడవారకి వెళ్ళి ట్రైనర్ సాబ్‌కి ఫోన్ చేశాడు. సీజన్ సంగతి అడిగాడు.

“నాకే తెల్వదురా” అన్నాడు సాబ్. “ఈసారి రేసు దినాలు ఇంకా తగ్గించిండ్రు. వచ్చే ఏడు ఉంటదో లేదో ఎవ్వరు చెప్తలేరు. మైనా ఎట్లుంది?”

“ప్లేట్ల మీదే ఉంచాను సాబ్. మీరు పిలిస్తే బయల్దేరేదానికి.”

సాబ్ విసుక్కున్నాడు. “పాగల్. ఈడున్నవాటికే నేను ప్లేట్లు పీకిచ్చిన. పొద్దుగాల్నే దాని కాళ్ళు చూడు, నా ఫోన్ కోసం చూడకు.”

మర్నాడు హబీబుల్లా కబురు పెడితే నూర్ మొహమ్మద్ వచ్చాడు. ఊళ్ళో ఎడ్లకి లాడాలు కొట్టే ముసలాయన. ఎద్దుకి లాడం కొట్టాలంటే తాళ్ళేసి పడేసి, నాలుగు కాళ్ళూ కలిపి కట్టాలి. ఆ అలవాటుకొద్దీ మోకులు తెచ్చుకుని, సాయానికి నలుగురు మనుషుల్ని కూడా వెంటేసుకొచ్చాడు.

“ఏ పక్కకి పడేద్దాం?” అన్నాడు మోకు విప్పుతూ.

“గుర్రాన్ని పడెయ్యరు మామూ” అన్నాడు హబీబుల్లా. మైనా పక్కన నిలబడి, చెయ్యి భుజం నుంచి కిందికి పాముకుంటూ తెచ్చి మడమ పైన వేలితో తాకాడు. మైనా తనంతట తనే కాలెత్తి అతని చేతిలో పెట్టింది.

నూర్ మొహమ్మద్ మోకు కింద పడేశాడు. “మా ఇంట్లో మనవడు కూడా ఇంత మాట వినడు” అన్నాడు. వచ్చిన నలుగురూ చేసేదేమీ లేక గోడెక్కి కూర్చున్నారు.

పాత లాడాలు హబీబుల్లానే పీకాడు. మొదటిది తీసి అరచేతిలో తిప్పి చూశాడు. మిగతా మూడూ గబగబా పీకేశాడు. ఇద్దరూ కలిసి ఇనుము కాల్చి, మైనా గిట్టకి సరిపోయేలా సాగగొట్టి బిగించారు. హజ్రా బీ ఆ నాలుగు ప్లేట్లనీ కడిగి, పాత రుమాల్లో కట్టి, బీరువాలో తన నగల పెట్టె పక్కన పెట్టింది. హబీబుల్లా చూశాడు.

పెళ్ళి రోజు చిలకలూరిపేటలో ఊరేగింపు పెద్ద రోడ్డు మీదికి వచ్చేసరికి జనం పెళ్ళికొడుకుని వదిలేసి గుర్రాన్ని చూస్తున్నారు. మైనా మెడ వంచి, అడుగు తీసి అడుగు వేస్తుంటే ఇనుము సిమెంటు మీద టకటకమని ఏలియా డ్రమ్ముతో కలిసింది. రేసు గెలిచాక జనం చప్పట్ల మధ్య నడిచే నడక అది. నేర్పినవాడికి తెలుసు.

“యాడిది బాబాయ్ గుర్రం?” అన్నాడు రోడ్డు పక్కన ఒకతను.

“నరసరావుపేటది. హైదరాబాదులో కప్పు కొట్టింది” అన్నాడు హబీబుల్లా నడుస్తూనే.

కల్యాణ మండపం ముందు ఫొటోగ్రాఫరు చెయ్యి ఊపాడు. “కళ్ళెం పట్టుకున్న పెద్దాయన కొంచెం పక్కకి జరగాలి.”

రేసుకోర్సులో గెలిచిన ప్రతిసారీ హబీబుల్లా అలాగే జరిగేవాడు. కళ్ళెం ఓనరు చేతికిచ్చి, ఫొటో అంచున సగం భుజంగా మిగిలేవాడు. ఈసారి అతను కదల్లేదు.

“నేను జరిగితే ఇదీ జరుగుద్ది బాబూ” అన్నాడు. “ఇది మా గుర్రం. ఇద్దర్నీ కలిపి తియ్యి.”

పెళ్ళికొడుకు పైనుంచి నవ్వి, ఉండనివ్వమన్నాడు.

ఆ రాత్రి దాణా పెట్టి వచ్చిన హబీబుల్లాకి హజ్రా బీ ఫోన్ అందించింది. “చిలకలూరిపేటలో చూసిన మాచర్ల పెళ్ళివాళ్ళంట, మైనా కావాలని అడుగుతున్నారు. చీరాల ఆయనకి ఏం చెప్పను? రేపే ఆదివారం.”

“బీచికి మన పిల్లల్ని తీసుకుని మనమే వస్తామని చెప్పు. గుర్రం మాత్రం రాదు.”

తర్వాత ఫొటోగ్రాఫరు పంపిన ఫొటోని సాబ్‌కి పంపాడు. చాలాసేపటికి జవాబు వచ్చింది. సాబ్ ముందుకాళ్ళ గిట్టల దగ్గర పెద్దది చేసి చూసినట్టున్నాడు. “ఇనుము మంచిగ కూర్చున్నది. ప్లేట్లు పారేయలే కదా?”

హబీబుల్లా బీరువా వంక చూసి టైపు చేశాడు. “బంగారం పక్కన ఉన్నాయి సాబ్.”