మడమ నుంచి రెండు చుక్కలు

"ఆ రక్తం చేతులు రెండుసార్లు కడిగావా?" అని అత్తగారు అడగడం, "కడిగానత్తయ్యా" అని కోడలు కూరగాయలు తరుగుతూనే చెప్పడం, పదకొండేళ్లుగా ఆ వంటింట్లో రోజూ జరిగేదే. ల్యాబ్‌లో చేతితొడుగులు వేసుకుంటామనీ, రక్తం ఒంటికి అంటదనీ మొదటి ఏడాది చెప్పి చూసింది. గోడకు చెప్పినట్టే అయింది. ఆ చేతులతో వండిన కూర తినడానికి మాత్రం ఇంట్లో ఎవరికీ పట్టింపు లేదు.

ఆమె పని చేసేది పెద్దాసుపత్రి ల్యాబ్‌లో. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఇన్ఫెక్షన్ సోకితే అక్కడ ఒక యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. తక్కువైతే బిడ్డ దక్కదు. ఒంట్లో పేరుకుంటే మూత్రపిండాలు దెబ్బతింటాయి, వినికిడి పోతుంది. ఎంతుందో కొలవాలంటే రక్తం కావాలి. ఒళ్లంతా వెతికినా టీకప్పు నిండని పిల్లల దగ్గర మాటిమాటికీ సూదితో లాగేదెలా? అందుకని అక్కడ కొలవడమే మానేశారు. బరువును బట్టి లెక్కగట్టి, పైవాడి మీద భారం వేసి ఎక్కించేవారు. ఆమె మూడేళ్లు కూర్చుని, మడమ మీద చిన్న గాటుతో తీసిన రెండు చుక్కలతోనే ఆ కొలత తేల్చే పద్ధతి కుదిర్చింది. సెలవుల్లో చేసింది, అందరూ ఇళ్లకు వెళ్లాక చేసింది. "ఇంటిపని తప్పించుకోవడానికి మంచి సాకే దొరికింది" అన్నాడు భర్త. పద్ధతి కుదిరాక ల్యాబ్ పెద్దాయన దాన్ని సదస్సులో తన పేరుతో చదివాడు. చివర చిన్న అక్షరాల్లో 'సహకారం: ల్యాబ్ సిబ్బంది' అని ఉంది. "అంతమంది ముందు నిలబడి నువ్వు మాట్లాడగలవా ఏంటి?" అన్నాడాయన. ఆమె నవ్వింది. అలాంటిచోట నవ్వడం జడ వేసుకోవడంతో పాటే నేర్పేస్తారు కదా.

మూడేళ్లు ఎందుకు కూర్చుందో ఎవరూ అడగలేదు. ఆమె కూతురు కూడా ఏడో నెలలోనే పుట్టింది. అదే మందు పన్నెండు రోజులు ఎక్కించారు. ఏడాది దాటాక, వెనకాల గిన్నె కిందపడినా పిల్ల తిరిగి చూడలేదు. మందు వల్లేనా అంటే డాక్టర్లు ఏమో, చెప్పలేమన్నారు. అప్పుడు కొలవలేదు మరి. ఎవరూ తేల్చని తప్పు ఎక్కడో ఒకచోట వాలాలి. "కడుపుతో ఉండి ఉద్యోగం వెలగబెడితే పిల్లలు ఇలాగే పుడతారు" అని అత్తగారు తేల్చేసింది. భర్త చదువుతున్న పేపరు ఒక పేజీ తిప్పాడు.

ఆ రోజు మధ్యాహ్నం తొమ్మిది వందల గ్రాముల ఆడపిల్ల రక్తం, ఇంకా ప్రయోగంగానే చేస్తున్న ఆ రెండు చుక్కల పరీక్షకు వచ్చింది. తర్వాతి డోసు వేసే ముందు లీటరు రక్తంలో మందు రెండు మిల్లీగ్రాములకు మించి మిగలకూడదు. అంకె నాలుగున్నర వచ్చింది. మిగిలిన కాస్తతో మళ్లీ చేసింది. నాలుగున్నరే. డోసు నాలుగు గంటలకు. అప్పటికే టైము మూడు.

వార్డుకు ఫోన్ చేసింది. "డాక్టరుగారూ, ఇవాళ్టి డోసు ఆపండి. లెవెల్ చాలా ఎక్కువుంది."

"ఆ మడమ రక్తం పరీక్షేనా? దానికింకా ఆమోదం రాలేదు కదమ్మా. మీ పెద్దాయన సంతకంతో పంపండి, చూద్దాం."

"ఆయన ఊళ్లో లేరండీ. రెండుసార్లు చేశాను. తప్పు లేదు."

"మీరు డాక్టరా?"

ఫోన్ పెట్టేశాడు. పెద్దాయనకు చేస్తే ఆరోసారికి ఎత్తాడు. "నిక్కచ్చిగా పనిచేస్తుందని సదస్సులో మీరే అన్నారు కదండీ" అందామె.

"సదస్సు వేరు, వార్డు వేరు. రేపేమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. అంకె రాసిపెట్టి ఇంటికెళ్లు తల్లీ."

అంతలో భర్త ఫోన్. "వచ్చేటప్పుడు అమ్మ మాత్రలు పట్రా. గొంతేంటి అలా ఉంది? మళ్లీ ఎవరితో పెట్టుకున్నావ్?"

ఫోన్ పెట్టేసి మూడంతస్తులు ఎక్కింది. వార్డులోకి వెళ్లేసరికి నర్సు ఖాళీ సిరంజి పారేస్తోంది. "ఇప్పుడే అయిందక్కా. డ్యూటీ మారేలోపే ఇచ్చెయ్యమన్నారు."

గోడ గడియారం నాలుగుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గాజుపెట్టె పక్కన స్టూలు మీద బిడ్డ తల్లి కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో. "బాగానే ఉంది కదక్కా మా పిల్ల?" అంది.

బాగానే ఉందని చెప్పి కిందికి దిగిపోవచ్చు. జేబులోంచి కాగితం తీసి అంకె రాసింది, ఎన్నింటికి ఎవరికి చెప్పిందో రాసింది, కింద తన పేరు రాసి సంతకం పెట్టింది.

"రేపు పెద్ద డాక్టరుకి ఇది చూపించి అడుగు. ఎవరిచ్చారంటే నా పేరు చెప్పు."

"ఏమన్నా అవుతుందా అక్కా?"

"ఇప్పుడే ఎవరూ చెప్పలేరమ్మా. ఒకవేళ అయితే, అది నీ తప్పు మాత్రం కాదు."

మర్నాడు మందు ఆపేశారు. ఎందుకాపారో ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లకు వినబడుతుందో లేదో తేలడానికి నెలలు పడుతుంది. ఆమెకు మాత్రం మూడోరోజే మెమో వచ్చింది: అనుమతి లేకుండా ఫలితం బయటపెట్టినందుకు సోమవారంలోగా రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి, లేదా ఉద్యోగం వదులుకోవాలి. రెండు చుక్కల పరీక్షను అప్పటికే ఆపేశారు.

భోజనాల బల్ల మీద భర్త తెల్లకాగితం పెట్టాడు. "రెండు ముక్కలు రాసి పడెయ్. ఉత్త కాగితమే, పోయేదేముంది? పిల్ల చెవిమిషన్‌కి నీ జీతమే దిక్కని మర్చిపోకు."

ఆ మాట నిజం. జరిగింది రాస్తే ఎవరి మనసూ మారదనీ, ల్యాబ్‌లో తన కుర్చీలో సోమవారం ఇంకెవరో కూర్చుంటారనీ ఆమెకు తెలుసు. ఎదురుగా కూతురు తల్లి పెదాలవైపే చూస్తోంది, ఏం మాట్లాడుతుందా అని. ఆమె కలం మూత తీసి, 'క్షమించండి' అని మొదలుపెట్టాల్సిన చోట పరీక్ష చేసిన తేదీ వేసి, టైము వేసి, లెవెల్ నాలుగున్నర అని రాసింది.