పులివెందుల సగటు

కంప్యూటరు మళ్లీ ఖాళీ పట్టికే చూపించింది. రెండు గుంపుల్లో ఒకదానిలో ఒక్క మనిషీ లేడట.

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బి.ఎడ్. కాలేజీ కంప్యూటర్ గదిలో కూర్చున్న నిఖత్‌కు ఒళ్లు మండింది. లేకపోవడమేమిటి? జమ్మలమడుగు ఆరో తరగతి పిల్లల మార్కులు, పులివెందుల ఆరో తరగతి పిల్లల మార్కులు తన చేత్తో తానే ఎక్కించింది. ప్రతి పేరు పక్కనా ఊరి గుర్తు కూడా వేసింది. జమ్మలమడుగుకు ఒకటి, పులివెందులకు రెండు. సాఫ్ట్‌వేర్‌నూ, దాన్ని చేసినవాళ్లనూ, పైన తిరగని ఫ్యానునూ వరసగా తిట్టుకున్నాక అసలు సంగతి కంటబడింది. ఏ గుంపులను పోల్చాలో చెప్పేచోట తాను సున్నా, ఒకటి అని కొట్టింది. సున్నా గుర్తున్న పిల్లలు ఎక్కడినుంచి వస్తారు? తప్పు తనదేనని తెలిశాక ఇంకా మండింది.

నిఖత్ ఆ కాలేజీలోనే కాబోయే టీచర్లకు లెక్కలు ఎలా చెప్పాలో నేర్పుతుంది. పిహెచ్.డి. మొదలుపెట్టి మూడో ఏడు నడుస్తోంది. భిన్నాలను బోర్డు మీద సూత్రాలుగా రాయించకుండా, కాగితం పట్టీలు మడిపించి, చీనీకాయ, అదే బత్తాయి, తొనలు విడదీయించి నేర్పితే పిల్లలకు గట్టిగా వస్తాయని ఆమె నమ్మకం. జమ్మలమడుగు బడిలో దిల్షాద్‌బీ టీచరు ఆ పద్ధతిలో చెప్పింది. పులివెందుల బడిలో వెంకటరమణమ్మ టీచరు ఎప్పటిలాగే చెప్పాలి. ముందొక పరీక్ష, పాఠాలయ్యాక ఇంకొకటి. ముందు పరీక్షలో రెండు ఊళ్లూ సమానంగా ఉన్నాయి. రెండో పరీక్షలో జమ్మలమడుగు సగటు పైకి లేవాలి, పులివెందులది వెనకబడాలి.

గుర్తులు సరిచేసి మళ్లీ నొక్కింది. ఈసారి పట్టిక నిండుగా వచ్చింది. ఇరవై అయిదు మార్కులకు జమ్మలమడుగు సగటు పదిహేడు పైచిలుకు. పులివెందులది పదిహేడుకు ఒక పిసరు తక్కువ. రెండు పద్ధతులకూ నిజంగా తేడా లేకపోయినా ఈపాటి తేడా ఊరికే కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకె ఒకటుంటుంది. పి-విలువ అంటారు. అది 0.05 కన్నా తక్కువుంటేనే తేడా ఉందని నలుగురూ ఒప్పుకుంటారు. అక్కడ 0.61 ఉంది.

ఆ సాయంత్రమే గైడు కామేశ్వరరావు గారింటికి పోయింది. ఆయన రిటైరైన ప్రిన్సిపాలు. కాగితాన్ని కళ్లజోడు పైకెత్తి చూశాడు, దించి చూశాడు.

"ఏందమ్మా ఇది? నువ్వు పైవరస చూస్తాండావా, కిందివరస చూస్తాండావా?"

"ఏ వరస చూసినా అంకె అదే సార్."

"పులివెందులలో ట్యూషన్లకు పొయ్యేటోల్లు నలుగురైదుగురు ఉంటారు. వాల్లను తీసేసి మల్లా చెయ్."

"ఏమని తీసేయాల సార్?"

"గుంపులో కలవని మార్కులని రాయి. అందరూ రాస్తారు."

"కలవకపోవడమేం లేదు సార్, ఆ క్లాసులో అందరూ బాగానే రాసినారు. తీస్తే సగం క్లాసును తీయాల."

కామేశ్వరరావు కాగితం టీపాయ్ మీద పడేశాడు. "మూడేండ్లు తిరిగి తేడా లేదని రాసుకపోతే, పైనుంచి వచ్చే పరీక్షకుడు నిన్ను అడగడు, నన్ను అడుగుతాడు. నీ పద్ధతన్నా తప్పు, నీ పరీక్షన్నా తప్పు. ఏదో తేల్చుకోని రా."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పింది. భర్త మొయిన్‌కు బోరు మోటార్లు వైండింగ్ చేసే షాపుంది. చేతుల జిడ్డు కడుక్కొచ్చి పక్కన కూర్చుని అంతా విన్నాడు.

"జమ్మలమడుగోల్లకు మంచిగా వచ్చె. పులివెందులోల్లకూ మంచిగా వచ్చె. దీనికి మొగం అట్ల పెట్టుకుంటే ఎట్ల?"

"పులివెందులోల్లకు రాకూడదు," అంది నిఖత్ విసురుగా.

తానన్న మాట తన చెవిన పడి నిఖతే ఆగిపోయింది. పిల్లలకు లెక్కలు రాకూడదని కోరుకునే స్థితికి వచ్చిందన్నమాట. ఆ చిరాకులోనే ఇంకో సంగతి తట్టింది. ముందు పరీక్షలో పులివెందుల సగటు తొమ్మిది. పాత పద్ధతిలో, ఆ కొద్ది వారాల్లో, తొమ్మిది నుంచి దాదాపు పదిహేడుకు ఏ క్లాసూ ఎక్కదు. అట్లా ఎక్కేదైతే ఈ పరిశోధనే అక్కరలేదు.

సెలవు పెట్టి ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కింది. కిటికీ తలుపు బిగుసుకుపోయి దారి పొడుగునా ఎండ మొహానే కొట్టింది. బడికి చేరి ఆరో తరగతి గుమ్మంలో అడుగు పెట్టగానే చీనీకాయ తొక్కల వాసన గుప్పుమంది. గోడ నిండా రంగు కాగితం పట్టీలు అంటించి ఉన్నాయి. సగం, పావు, పావులో సగం.

నిఖత్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"రామ్మా నిఖత్, ఫోనన్నా చేయకుండా వస్తివే," అంటూ ఎదురొచ్చింది వెంకటరమణమ్మ. యాభై దాటిన మనిషి, మొహంలో దాపరికమేమీ లేదు.

"అక్కా, ఆ పట్టీలేంది?"

"భిన్నాలమ్మా. నీవే గదా."

"నావని నీకెవరు చెప్పినారు?"

"దిల్షాద్‌బీ నేనూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ చేసినాం. వాల్ల పిల్లోల్లు మడిచేది వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టింది. చూస్తే శానా బాగుండె. మా ఊర్లో చీనీకాయలకేం కొదవ? పిల్లోల్లే తోటల్లోనించి తెస్తిరి."

"పరీక్ష అయ్యేదాకా పాత పద్ధతిలోనే చెప్పమంటిని గదక్కా."

"అంటివి. కొన్నాల్లు ఆగినా గూడా. నోటితో అరిచి అరిచి చెప్తాండా, ఒకరికీ ఎక్కకపాయె. ఫోన్లో ఏమో వాల్ల పిల్లోల్లు చకచకా చేస్తాండారు. ఎట్ల ఊరుకోవాల చెప్పు? నీ పుస్తకంలో తేడా కనబడాలని మా పిల్లోల్లను మొద్దులుగా పెట్టుకోవాల్నా?"

నిఖత్ మూడేళ్ల కష్టాన్ని ఈమె నీళ్లపాలు చేసింది. గట్టిగా నాలుగు మాటలందామని గుక్క తిప్పుకునేలోగా మొదటి బెంచీలో ఉన్న పాప ఒకటి పట్టీ చేతబట్టి లేచింది. ముప్పావుకు పావులో సగం కలిపితే ఎంతో ఎవరూ అడగకుండానే మడిచి చూపించి, ఎనిమిదిలో ఏడు భాగాలని చెప్పి కూర్చుంది. ఆ పాపను మెచ్చుకోకుండా ఉండడం నిఖత్ వల్ల కాలేదు. మెచ్చుకున్నాక వెంకటరమణమ్మ మీద కోపం నిలబెట్టుకోవడమూ వల్ల కాలేదు. తనకు రావాల్సిన కోపం కూడా తనకు దక్కలేదని తిరుగు బస్సులో ఉడికిపోయింది.

ఈ సంగతి వినగానే కామేశ్వరరావు మొహం విప్పారింది.

"ఇంకేం, పని తేలికాయె. రెండు ఊర్లనూ కలిపేయ్. ముందు సగటు, తర్వాతి సగటు పోల్చి చూపించు. తేడా బ్రహ్మాండంగా వస్తాది."

"వారాలు గడిస్తే ఏ పద్ధతిలోనైనా మార్కులు కొంచెం పెరుగుతాయి సార్. పద్ధతి వల్లే పెరిగిందనేకి, పద్ధతి తెలియని బడి ఒకటి పక్కన ఉండాల."

"అంటే మల్లా మొదటినుంచా?"

"కొత్తగా చేరబోయే ఆరో తరగతితో మొదలుపెడతా సార్."

"నీతో పెట్టుకున్నందుకు నాకు రిటైర్మెంటు గూడా లేదమ్మా," అని ఆయన గడువు పెంచమనే అర్జీ మీద సంతకం గీకాడు. పెన్ను మూత పెట్టడం కూడా విసురుగానే పెట్టాడు.

జూన్‌లో నిఖత్ పులివెందులకు బదులు వీరపునాయునిపల్లె బడిని ఎంచుకుంది. అక్కడి లెక్కల టీచరు సింధూ కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి, జమ్మలమడుగులో ఆమెకు తెలిసినవాళ్లెవరూ లేరు. ఒకటికి రెండుసార్లు అడిగి ఆ సంగతి రూఢి చేసుకుంది. దిల్షాద్‌బీ చేత ఈసారి వీడియోలు ఎవరికీ పంపనని ఖురాన్ మీద తప్ప మిగతా అన్నిటి మీదా ఒట్టు వేయించింది. సింధూకు మాత్రం ఒక మాటిచ్చింది. మార్కులు తేలిన మరునాడే తాను వచ్చి ఆ పద్ధతి ఏమిటో పిల్లలందరికీ నేర్పిపోతానని.

"ఇప్పుడే చెప్తే ఏం మేడమ్? పాఠం ఎట్ల చెప్పాలో తెలీక చస్తాండాను," అని సింధూ ప్రతి ఫోనులోనూ అడిగేది. చెప్పకుండా ఫోను పెట్టేసిన ప్రతిసారీ నిఖత్‌కు తలనొప్పి పుట్టేది.

ముందు పరీక్షలో ఈసారీ రెండు బడులూ సమానంగానే ఉన్నాయి. దసరా సెలవుల తర్వాత రెండో పరీక్ష మార్కులు వచ్చాయి. గుర్తులు సరిచూసుకుని మీట నొక్కింది. జమ్మలమడుగు సగటు పదహారు, వీరపునాయునిపల్లెది పన్నెండు. పి-విలువ 0.05 కన్నా బాగా తక్కువే వచ్చింది. కామేశ్వరరావు ఫోనులోనే, "అద్దీ," అన్నాడు. పులివెందుల కథను మాత్రం థీసిస్‌లోంచి తీసేయమన్నాడు. ఆమె తీయనంది. వారం రోజులు వాదించి, చివరికి చిన్న అక్షరాల్లో వేసుకోమని ఒప్పుకున్నాడు. ఆమె మామూలు అక్షరాల్లోనే వేసింది.

ఇచ్చిన మాట ప్రకారం, మార్కులు తేలిన మరునాడే నిఖత్ సంచినిండా రంగు కాగితాలతో వీరపునాయునిపల్లె పోయింది. మొదటి పీరియడ్ సగమయ్యేసరికే పిల్లలు పట్టీలు మడిచి పావులూ అరపావులూ తేలుస్తున్నారు. వెనక గోడకు ఆనుకుని చూస్తున్న సింధూ మొహం మెల్లగా ఎర్రబడింది. గంట కొట్టాక దగ్గరికొచ్చింది.

"ఇదేనా మేడమ్? ఇంత సులువైన దాన్ని ఇన్ని నెలలు మాకు చెప్పకుండా దాచిపెట్టుకున్నారా?"

నిఖత్ దగ్గర జవాబుంది. పోలిక, గుంపులు, సగటు అన్నీ వివరంగా చెప్పగలదు. ఆ అమ్మాయి మొహం చూస్తూ వాటిలో ఒక్కటీ చెప్పాలనిపించలేదు.

"తప్పలేదమ్మా," అంది. "ఇంకో సెక్షన్ యాడుండాది? పద, వాల్లకూ చెప్దాం."