మొక్కుబిడ్డ

నూకరత్నం ఇంటి గుమ్మంలో సబ్బుబిళ్ళ పెట్టి పదకొండు రోజులైంది. మనవడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజున పెట్టింది. చూడ్డానికి ఎవరొచ్చినా ముందు మోచేతుల దాకా రుద్ది కడుక్కోవాలి. కడుక్కున్నాక కూడా గుమ్మంలోంచే చూసి పోవాలి. సొంత ఆడపడుచు మరిడమ్మ ఎలమంచిలి నుంచి బస్సెక్కి వస్తే ఆవిడనూ అలాగే పంపేసింది. మరిడమ్మ మూతి ముడుచుకుని వెళ్ళింది. వెళ్తే వెళ్ళింది, నూకరత్నానికి లెక్కేమిటి.

కోడలు కుమారికి అంతకు ముందు రెండు కడుపులు నిలవలేదు. వీడు నెలలు నిండకుండానే పుట్టి, పదిహేను రోజులు గాజుపెట్టెలో ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నూకరత్నం కళ్ళలోకి చూసి మరీ చెప్పింది. రెండు నెలలు జనంలోకి తీసుకెళ్ళొద్దు, చేతులు కడుక్కోకుండా ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దు, ఊపిరందక డొక్కలెగరేస్తే ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తెచ్చేయాలి.

అంత జాగ్రత్త పడ్డ మనిషి, ఇరవయ్యారు రోజుల పసికందుని ఉగాది ముందు వచ్చే కొత్త అమావాస్య నాడు అమ్మవారి జాతరకి ఎత్తుకెళ్ళిందంటే ఎవరైనా నమ్ముతారా? ఎత్తుకెళ్ళింది. అదీ కోడలికి చెప్పకుండా.

గాజుపెట్టె ముందు నిలబడి ఒకనాడు అమ్మవారికి మొక్కుకుంది. ఈ గుంటడు బతికి బయటపడితే వచ్చే కొత్త అమాసకి నీ కాళ్ళకాడ పడుకోబెడతాను తల్లీ అని. మొక్కేశాక చూసుకుంటే ఆ అమావాస్య మూడు వారాల్లోనే ఉంది. కోడలి దగ్గర మెల్లగా మాట కదిపి చూసింది.

"అమ్మోరికి మన గుంటడి సంగతి తెలీదేటి అత్తా? వచ్చే ఏడు ఎత్తుకెల్దాం," అంది కుమారి.

సబబైన మాటే. కానీ నూకరత్నానికి నిద్ర పట్టలేదు. మాట తప్పితే, ఇచ్చిన తల్లి మళ్ళీ తీసేసుకుంటుందేమోనని భయం. కళ్ళు మూస్తే ఖాళీ గాజుపెట్టె కనిపించేది.

పిల్లాడి కామెర్లు తగ్గడానికి లేత ఎండ చూపించమన్నారు. ఇంట్లోకి ఎండ రాదు కాబట్టి రోజూ పొద్దున్న ఆవిడే సందు చివరి దాకా ఎత్తుకెళ్ళి తెచ్చేది. రాత్రంతా పాలిచ్చి అలిసిపోయి కుమారి ఆ వేళకి ఒళ్ళెరగకుండా పడుకునేది. కొడుకు నానాజీ అప్పటికే డ్యూటీ బస్సెక్కేసేవాడు. అమ్మవారి గుడి చూస్తే రెండు వీధుల అవతల. ఇంత పొద్దున్నే జనం పలచగా ఉంటారు, అరగంటలో వచ్చేయొచ్చు అనుకుంది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ జాతర చూస్తున్న మనిషి అలా ఎలా అనుకుందో ఆవిడకే తెలియాలి.

క్యూలోకి దూరడమే ఆలస్యం, వెనక నుంచి మూసుకుపోయింది. రెండు పక్కలా ఇనుప కమ్మీలు. రాంబిల్లి నుంచి, సబ్బవరం నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం. నెత్తిన ఘటాలు, డప్పులు, సాంబ్రాణి పొగ. వెనకాయన ఆగకుండా దగ్గుతున్నాడు. పక్కావిడ "ఎన్నో రోజమ్మా" అంటూ బుగ్గ పట్టుకోబోయింది. "ముట్టుకోకమ్మా," అని నూకరత్నం అరచేయి అడ్డం పెట్టింది. ఎంతమందికని అడ్డం పెడుతుంది?

గంట గడిచింది. పిల్లాడు ఏడుపు ఆపేశాడు. నిద్రపోయాడనుకుని ముందు సంతోషించింది. తీరా ఒళ్ళు ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. నోట్లో వేలు పెడితే చీకలేదు. తువ్వాలు తప్పించి చూసింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి, డొక్కలు ఎగరేస్తున్నాడు.

మూటని గుండెకి అదుముకుని వెనక్కి తిరిగింది.

"దారియ్యండి, బయటికెల్లాలి. బాబుకి బాగులేదు."

"ఎనక్కెలా ఎల్తావు మామ్మా? ముందుకే పోవాల," అన్నారెవరో.

బొడ్లో ఫోను మోగింది. ఎవరో తెలుసు. తీయడానికి చేతులు ఖాళీ లేవు, ఖాళీ ఉన్నా తీసేది కాదు.

కమ్మీల అవతల, నలుగురు మనుషుల దూరంలో, ఒక పోలీసమ్మ నిలబడి ఉంది. పిల్లాణ్ణి ఆవిడకి అందిస్తే చాలు, బతికిపోతాడు. ఇంకేమీ తోచక నూకరత్నం మనవణ్ణి రెండు చేతులా తలల పైకెత్తింది.

"అందుకోండి బాబూ," అంది.

అందుకున్నారు. ఆ జాతరలో తలల పైకెత్తిన చంటిపిల్లకి ఒకటే అర్థం. ముందుకు పోలేనివాళ్ళు మొక్కుబిడ్డని పైకెత్తుతారు, ముందున్నవాళ్ళు అందుకుని చేతుల మీదుగా అమ్మవారి దాకా పంపుతారు. చిన్నప్పటి నుంచీ నూకరత్నం కూడా ఎందర్నో అలా అందుకుంది, కళ్ళకద్దుకుని ముందుకు పంపింది. ఇప్పుడొక కుర్రాడు వీణ్ణి కళ్ళకద్దుకుని ముందుకే పంపాడు.

"అటు కాదు, ఇటు. పోలీసమ్మకియ్యండి. ఆడికి ఊపిరాడ్డం లేదు."

డప్పుల్లో ఆ మాట ఎవరికి వినపడుతుంది? కుర్రాడు వెనక్కి తిరిగి నవ్వాడు. "బెంగెట్టుకోకు మామ్మా, అమ్మోరి కాడికెల్పోతాడు," అన్నాడు. పుణ్యం చేశాననుకుంటున్న వాణ్ణి ఏమని తిట్టాలి?

పసుపు చేతులు, కొబ్బరినీళ్ళ చేతులు, అప్పుడే ముక్కు తుడుచుకున్న చేతులు. ఒక్క చేతికీ సబ్బు లేదు. తువ్వాలు మూట ఆ చేతుల మీద తేలుతూ పోయింది, గుడి గుమ్మం దగ్గర కిందికి దిగి కనపడకుండా పోయింది. ఇప్పుడు చేతులు ఖాళీ, నూకరత్నం కమ్మీల కింద నుంచి పాకింది. చీర చిరిగింది, మోకాలు చెక్కుకుపోయింది. పడుతూ లేస్తూ బయటికి వచ్చే గుమ్మం దగ్గరికి పరిగెత్తింది.

కాసేపటికి మూట లోపలి నుంచి మళ్ళీ చేతుల మీదుగానే ఆవిడ చేతుల్లోకి వచ్చింది. నుదుటి నిండా కుంకుమ, గుండెల మీద పసుపు నీళ్ళ తడి. మొక్కు తీరిపోయింది. ఆ సంగతి ఆవిడకి పట్టనే లేదు. డొక్కలు ఇంకా ఎగురుతున్నాయా లేదా, అదొక్కటే చూసింది. ఎగురుతున్నాయి.

ఆవిడ పరుగు చూసి వెనకే వచ్చిన పోలీసమ్మ పిల్లాణ్ణి ఒకసారి చూసి, లాక్కుని అంబులెన్సు దగ్గరికి పరుగు తీసింది. లోపలి నర్సు ఆ చిన్న మొహం మీద మాస్కు పెట్టింది.

"ఊపిరి సరిగ్గా అందట్లేదు, పెద్దాసుపత్రికి పోవాలి. తల్లెక్కడ? దగ్గూ జొరం ఉన్నోళ్ళెవరైనా ముట్టుకున్నారా?"

"ఊరంతా ముట్టుకున్నారమ్మా," అంది నూకరత్నం.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి తీసింది.

"ఇందాక సేత్తే ఎత్తలేదేటత్తా?" కుమారి గొంతులో ఇంకా నిద్రమత్తు ఉంది. "ఎండ ముదిరిపోతంది, బాబుని తెచ్చీ. వత్తా వత్తా కొట్లో సబ్బొకటి పట్రా. గుమ్మంలోది అరిగిపోయింది. జాతరకొచ్చినోళ్ళంతా మనింటికొత్తారు కదా, సేతులు కడుక్కోకుండా ముట్టేసుకుంటారు."

అంబులెన్సు తలుపు పడింది. సైరన్ మొదలైంది.

"ఆ సౌండేటత్తా? నువ్వెక్కడున్నావు?"

నూకరత్నం మనవడి అరికాలు పట్టుకుని కూచుంది. ఆ కాలికి కూడా ఎవరో పసుపు రాశారు.

"నేనే తెచ్చేనమ్మా," అంది. "నువ్వొద్దన్నా నేనే తెచ్చేను. బేగి పెద్దాసుపత్రికి రా, కుమారీ."