నంబరు తాళం

గల్ఫుకు పోయేవాడి ముప్పై కిలోల్లో సగం వాడివి కావు. ఇది కోరుట్లలో అందరికీ తెలిసినదే. ఒకడు బయలుదేరుతున్నాడని తెలిస్తే చాలు, వాడకట్టులోని తల్లులంతా తమ కొడుకుల కోసం తలా ఒక డబ్బా పట్టుకొని వస్తారు. కాదనడానికి లేదు. ఈరోజు వద్దన్నవాడికి రేపు తన తల్లి చేసిన తొక్కును ఎవరూ మోయరు.

ఆ డబ్బాలన్నీ చేరేది లక్ష్మీరాజం దుకాణానికే. బస్టాండు దాటాక ఎడమ వరసలో ఉంటుంది. సూట్‌కేసులు, దుప్పట్లు అమ్ముతాడు. పోయేవాళ్ల సామాను తూచి, అట్టపెట్టెలో సర్ది, తాడు బిగించి, పైన లావు అక్షరాలతో పేరు రాసిస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని. సంచి చేత్తో ఎత్తితే బరువు చెప్పేస్తాడు. మనుషుల్నీ అలాగే తూచే అలవాటు పడిపోయింది.

ఆ రోజు రంజిత్ సామాను కడుతున్నాడు. కుర్రవాడు సెలవు ముగించుకొని షార్జాకు వెళ్తున్నాడు. రెండు గంటలకు కారు. పన్నెండున్నరకు మొగిలవ్వ వచ్చింది. బీడీలు చేసే మనిషి, యాభై ఏళ్లుంటాయి. ఆమె కొడుకు సురేందర్ ఉన్నది కూడా రంజిత్ ఉండే కార్మికుల క్యాంపులోనే.

"మామిడికాయ తొక్కు సేటూ. వానికి గిదంటే పానం. రెండు కిలోలే."

లక్ష్మీరాజం డబ్బా అందుకున్నాడు. అందుకున్నప్పుడు రెండు సంగతులు పట్టుకున్నాడు. అంచు దాకా నిండిన డబ్బా ఉండాల్సినంత బరువు లేదు. ఇచ్చిన చేతులు వణుకుతున్నాయి. కళ్లు మూసుకొని కూడా బీడీకి దారం చుట్టగల చేతులవి.

"చేతులేంది అక్కా, గట్ల ఒణుకుతున్నయి?"

"ఎండల నడిచచ్చిన గదా."

లక్ష్మీరాజం లెక్క వేసుకున్నాడు.

ఈ లెక్క అతనికి కొత్తది కాదు. తానూ అందులోంచి వచ్చినవాడే. ఇక్కడి డిపోల్లో కల్లు పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు నీళ్లు, చక్కెర, మత్తు పౌడరు. పదేళ్లు తాగాడు. అది ఒక్కసారిగా ఆపితే మనిషికి ఫిట్స్ వస్తాయి, గోడల మీద లేనివి కనిపిస్తాయి. అందుకే జగిత్యాల డాక్టరు రాత్రికొక మత్తు గోలీ చొప్పున రాసి, నెమ్మదిగా తగ్గిస్తూ వస్తాడు. లక్ష్మీరాజం మానేసి నాలుగు వందల పదకొండు రోజులు. ఆదివారం ఆదివారం సంఘం భవనం పైగదిలో మానేసినవాళ్లు, మానేస్తున్నవాళ్లు కూర్చుంటారు. నడిపేది వనిత, ఆస్పత్రిలో పనిచేసే మనిషి. అక్కడ గట్టి నియమం ఒకటుంది. గోలీలు ఎవరివి వాళ్ల దగ్గర ఉండకూడదు. ప్రతి ఒక్కరికీ ఒక తోడు ఉండాలి. గోలీ ఇచ్చేదీ, మింగేదాకా చూసేదీ ఆ తోడే.

మొగిలవ్వ, సురేందర్, తల్లీకొడుకులిద్దరూ ఒకే సమయంలో ఆ గుంపులో చేరారు. ఆమెకు సురేందర్ తోడు, అతనికి ఆమె తోడు. సురేందర్ సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. అవి ఆగిపోయాక కల్లు మరిగి, ఇంటికొచ్చి తల్లితో కలిసి తాగినవాడు. సగం కోర్సు మిగిలి ఉండగానే వీసా వచ్చింది. పోతే అక్కడ గోలీలు దొరకవు, నెల ఆగమంది వనిత. లక్ష్మీరాజమే తొందరపెట్టాడు.

"గీడ గల్లీకొక డిపో. ఆడ చుక్క దొర్కది. పోరా, బాగుపడ్తవ్" అన్నాడు. పెట్టె కూడా తానే ఇచ్చాడు.

కొడుకు పోతే తల్లికి తోడు పోతుందన్న సంగతి ఆ లెక్కలోకి రానే లేదు.

ఇప్పుడు వచ్చింది. చేతులు వణుకుతున్నాయంటే గోలీ లోపలికి పోవడం లేదు. మరి గోలీలు ఎటు పోతున్నాయి? డబ్బా మూత తీసి పొడుగు గరిటె దింపాడు.

"నూనె కారుతది సేటూ! నా బట్టలన్ని కరాబైతయి" అరిచాడు రంజిత్.

అడుగున మెత్తగా ఏదో తగిలింది. గాలితో ఉబ్బిన ప్లాస్టిక్ కవరు. దానికి చుట్టిన దారం బీడీ దారం, వేసిన ముడి బీడీ ముడి. విప్పితే గోలీలు. పన్నెండు.

రంజిత్ తన అట్టపెట్టెను వెనక్కి లాక్కున్నాడు.

"పెద్దమ్మా! ఏర్‌పోర్టుల గివి దొర్కితే నన్ను జైల్ల ఏస్తురు గదనే!"

"డాక్టరిచ్చిన గోలీలే నాయినా. గంజాయా ఏంది?"

"చీటి నీ పేరు మీదుంటది. ఆల్లడిగితే నేనేం జెప్పాలె? నేనే మొగిలవ్వ అని జెప్పాల్నా?"

ఆ మాటకు ఆమెకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని స్టూలు మీద కూలబడింది.

"వాడు పోయి పన్నెండు రోజులు. ఒక్క దినం గూడ కన్ను మూయలేదట. పురుగులు పాకుతున్నయవ్వా, గోలీలు పంపవ్వా అని ఒకటే ఫోన్లు. నాకంటె వానికే అక్కర. అందుకే నాయి దాపెట్టిన."

"పన్నెండు రోజులు గోలీ లేకుంటే నువ్విట్ల కూసుండవు. ఏం తాగుతున్నవ్?"

ఆమె తల వంచుకుంది. "రోజుకొక సీస. డిపోల."

"మరియ్యాల ఒణుకెందుకు?"

"నీ కాడికి రావాల్నాయె. వాసన పడ్తవని తాగలే."

లక్ష్మీరాజం డబ్బా మూత బిగించాడు. ఇంతలో ఆమె ఒడిలోని ఫోన్ మోగింది. తెర మీద కొడుకు ఫోటో. ఆమె ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

"క్యాంపుల డాక్టరుంటడు గదా" అన్నాడు రంజిత్, కోపం కొంచెం దిగాక.

"డాక్టరుకు జెప్తే వాపసు పంపుతరట. వాడు చెప్పనంటడు."

"రేపు పొద్దుగాల నేనే తీస్కపోత. పంపితే పంపనీ. పానంతోనైతె వస్తడు."

రంజిత్ తొక్కు డబ్బాను మాత్రం తీసుకున్నాడు. అయితే మళ్లీ ఒకసారి అడుగుదాకా గరిటె తిప్పి చూసి మరీ తీసుకున్నాడు. రెండు గంటలకు కారు వెళ్లిపోయింది. కౌంటరు మీద కవరు, కవరుకు అటూ ఇటూ ఇద్దరు మిగిలారు.

లక్ష్మీరాజం వనితకు ఫోన్ చేశాడు.

"జగిత్యాలల ఉన్న. ఐదింటికి వస్త. ఆమెను పోనియ్యకుండ్రి, ఒక్కతె ఉంటే ఫిట్స్ రావచ్చు. గోలీలు పారెయ్యకుండ్రి, డాక్టరునడిగి ఆమెకే ఇయ్యాలె. మీ ఇంట్ల అక్క ఉన్నదా?"

"మెట్‌పల్లిల పెండ్లికి పోయింది. రేపొస్తది."

అతని తోడు భార్యే. "మరి గవి మీ చేతుల పెట్టుకోకుండ్రి" అంది వనిత.

మరి ఎవరి చేతుల్లో పెట్టాలి? ఎదురుగా ఉన్న మనిషివి ఆకలిగొన్న చేతులు. తనవి? కవరు విప్పినప్పుడే వాటికి పాత సంగతులన్నీ గుర్తుకొచ్చాయి. ఒక్క గోలీ. రాత్రి ఎంత హాయిగా గడిచేదో. పన్నెండులో ఒకటి తగ్గితే మొగిలవ్వే మింగిందనుకుంటారు. ఆ ఆలోచన ఎంత నీటుగా, లాభనష్టాలన్నీ చూసుకొని వచ్చిందో చూసి అతనికే భయం వేసింది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంత చక్కని బేరం ఎవరూ చెప్పలేదు.

అటక మీది నుంచి కొత్త సూట్‌కేసు దింపాడు. గట్టి ప్లాస్టిక్‌ది, మూడు చక్రాల నంబరు తాళం. కవరు లోపల పెట్టి మూశాడు.

"అక్కా, నేను మొకం తిప్పుకుంట. గీ బటను నొక్కి పట్టుకొని చక్రాలు తిప్పు, ఇడువు, మల్ల తిప్పు. నంబరు నాకు చెప్పకు."

"నాకు అచ్చరాలే రావు. నంబరెట్ల తెలుస్తది?"

"గందుకే తిప్పమంటున్న."

అతను గోడ వైపు తిరిగాడు. టిక్కు టిక్కుమని చప్పుడు. "అయింది" అంది. ఇద్దరిలో ఎవరికీ తెలియని నంబరు పడింది. లక్ష్మీరాజం ఊపిరి పీల్చుకున్నాడు.

కానీ ఎంతసేపు? కుర్చీలో కూర్చోగానే లోపలి వ్యాపారి లెక్క మొదలుపెట్టాడు. మూడు చక్రాలు. ఒక్కో దాంట్లో పది. మొత్తం వెయ్యి. క్షణానికొకటి తిప్పితే వెయ్యి క్షణాలు, అంటే పదిహేడు నిమిషాల లోపే. వనిత రావడానికి రెండున్నర గంటలు. తాళం కాదు, తనను ఊరించడానికి పెట్టిన పని అది. లేచి షట్టరు సగం దించాడు. మళ్లీ ఎత్తాడు. వీధిలోంచి ఎవరూ చూడకపోతే తిప్పేస్తాడు.

"ఏంది, లెక్కేస్తున్నవా సేటూ?"

ఉలిక్కిపడ్డాడు. మొగిలవ్వ అతని ముఖమే చూస్తోంది. చెమటలు పోస్తున్నాయి ఆమెకు.

"ఆఁ. పదిహేడు నిమిషాలల్ల తెరవచ్చు."

"నాకు లెక్కలొస్తె నేనే తెరుద్దును."

ఆమె లేచి, సూట్‌కేసును పడుకోబెట్టి, తాళం తన కాళ్ల సందున దాగేలా దాని మీద కూర్చుంది. పెట్టె ఆమె వణుకుకు నేల మీద చిన్నగా చప్పుడు చేసింది.

"నువ్వు లేపితే నేను బజారంత వినబడేటట్టు ఒర్రుత. నేను లేస్తె నువ్వు ఒర్రు" అంది.

అలాగే కూర్చున్నారు. దుప్పటి కోసం వచ్చిన ఒకతను బేరం ఆడి, ఇద్దరినీ వింతగా చూసి, కొనకుండానే పోయాడు. ఫోన్ మళ్లీ మోగింది. ఆమె ఎత్తలేదు. నాలుగు గంటలకు వాంతి చేసుకుంది, పెట్టె మీది నుంచి లేవకుండానే. లక్ష్మీరాజం నీళ్లు పోసి కడిగాడు. కడుగుతుంటే అతని చూపు తాళం మీద పడింది. ఆమె కాళ్లు ఇంకా దగ్గరికి జరిపింది.

వనిత వచ్చేసరికి ఐదుంబావు. "తెరవండి" అంది.

"నంబరు ఎవలకు తెల్వదు" అన్నాడు లక్ష్మీరాజం. వెయ్యి తిప్పవచ్చునని మాత్రం చెప్పలేదు. రేకు కోసే కత్తెర తెచ్చి, ఆమె కూర్చుని ఉండగానే, కొత్త పెట్టె పక్కను చీల్చాడు. వనిత లెక్కపెట్టింది. పన్నెండు. డాక్టరుకు ఫోన్ చేసి, సీసాల సంగతి కూడా చెప్పి అడిగింది. "రాత్రికి వార్డులనే పండుకోవాలట, ఆటో పిలువండి" అంటూ ఒక గోలీ మొగిలవ్వ అరచేతిలో పెట్టి, మింగేదాకా చూసి, నోరు తెరవమంది.

"ఇగ నీకు తోడెవరు?" అడిగింది వనిత.

"నేనుంట. గోలీలు మాత్రం నా కాడ వద్దు" అన్నాడు లక్ష్మీరాజం.

ఫోన్ మూడోసారి మోగింది. సురేందర్. మొగిలవ్వ దానివైపు చూసింది, తర్వాత వాళ్లిద్దరి వైపు చూసింది. ఎవరూ చెయ్యి చాపలేదు. ఆమే ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"పంపినవా అవ్వా?" అవతలి మాట బయటికే వినిపించింది.

"లేదు కొడుకా. గోలీలు రావు. తొక్కు వస్తది. రంజిత్ వస్తుండు, పొద్దుగాల డాక్టరు కాడికి తీస్కపోతడు. పో."

అటు నుంచి రొప్పుతున్న ఊపిరి, వెనకాల ఎవరివో గిన్నెల చప్పుడు. సురేందర్ సరేననలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు.

బయట ఆటో వచ్చి హారన్ కొట్టింది. మొగిలవ్వ చీల్చిన పెట్టె మీది నుంచి ఫోన్ చెవికి ఆనించుకొనే లేచింది.