వియ్యపురాళ్ల పాట

హనుమాన్ జంక్షన్‌లో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు నాగమల్లేశ్వరికి ఆ ఆలోచన పుట్టింది. పెళ్లికూతురి తండ్రికి హైవే పక్కన టైర్ల షాపుంది. వచ్చిన చుట్టాలందరూ కృష్ణా జిల్లా వాళ్లే. కానీ డీజే వేసిన పాటల్లో ఒక్కటీ ఇటువైపుది కాదు. కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల ఛానళ్ల నుంచి యూట్యూబ్‌లోకి వచ్చిన జానపదాలు అన్నీ. డప్పు మోగేసరికి అప్పటిదాకా షుగరు మాత్రల గురించి మాట్లాడుకుంటున్న పెద్దవాళ్లు కూడా లేచి చిందులేశారు.

నాగమల్లేశ్వరి మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. మోకాళ్ల నొప్పులు ఎలాగూ ఉన్నాయి, పైగా ఆవిడ పాటను వింటోంది. చరణం ఎక్కడ మలుపు తిరుగుతోంది, ఏ మాట పట్టుకుని మళ్లీ పల్లవిలోకి వస్తోంది అని చెవులు రిక్కించి గమనిస్తోంది. పాట అయ్యాక పక్కనున్న కోడలు మాధురి వైపు వంగి, "ఇలాంటివి నేనూ కడతాను," అంది.

"కడతారు అత్తయ్యగారూ. నాకు తెలుసు," అంది మాధురి.

అది ముఖస్తుతి కాదు. నాగమల్లేశ్వరి పుట్టింది పెడనలో, మగ్గం ఉన్న ఇంట్లో. తండ్రి నేస్తుంటే ఆమె పక్కన రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. చేతులకు పనుండి నోటికి లేకపోవడంతో, వీధిలో కనబడ్డ ప్రతిదాని మీదా పాట కట్టేది. సాంబమూర్తిని చేసుకుని విజయవాడ వన్ టౌన్‌కి వచ్చాక రాట్నం పోయింది గానీ అలవాటు పోలేదు. గ్యాసు బండ ఆలస్యమైతే దాని మీద పాట, ఆటోవాడు పేచీ పెడితే వాడి మీద పాట. ఇల్లు, కింద చేనేత చీరల కొట్టు ఒకే భవనంలో కాబట్టి, కొట్లో కూర్చున్న సాంబమూర్తికీ కొడుకు ఉమామహేశ్‌కీ ఆవిడ గొంతు మెట్ల మీదుగా వినబడుతూనే ఉండేది. మాధురి కోడలిగా వచ్చాక ఆ పాటలకు వరస కుదరడం మొదలైంది. చిన్నప్పుడు నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్న పిల్ల. అత్త మాటలు పేరిస్తే కోడలు రాగం కట్టేది.

పెళ్లి నుంచి వచ్చిన వారంలోనే మొదటి పాట తయారైంది.

"బందరు రోడ్డున వస్తావా బావా, బత్తాయి రసం పోయిస్తావా
బస్సు నిండా జనముంటే బావా, బండెనకాల చోటిస్తావా"

మాధురి ఫోన్లో పాడి రికార్డు చేసి, కనబడ్డ ప్రతి జానపదాల ఛానల్‌కీ పంపింది. చాలామంది విననైనా విన్నట్టు లేదు. సిరిసిల్లలో ఛానల్ నడిపే రాజేశం అనే ఆయన మాత్రం వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"అమ్మా, పాట మంచిగున్నది. గొంతు ఇంకా మంచిగున్నది. గని మాట మాది కాదు. మా జనం గిది వినరమ్మా, ఏమనుకోకుండ్రి."

నాగమల్లేశ్వరి దాన్ని నాలుగైదుసార్లు విన్నది. బాధపడలేదు, పట్టుదల వచ్చింది. మాటే కదా అడ్డం, మాట నేర్చుకుంటే సరి అనుకుంది. ఆ తర్వాత చాలారోజులు టీవీ ముందు కూర్చుని, తెలంగాణ పాత్రలున్న సీరియళ్లన్నీ చూసింది. వంటింట్లో మాధురిని "ఏం జేస్తున్నవ్ పోరీ?" అని పలకరిస్తే మాధురి పోపు మాడ్చేసింది. అంతా అయ్యాక కొత్త పాట కట్టి పంపారు.

"పోరగా నీ నవ్వు జూస్తే పరేషానైతాందిరో..."

ఈసారి రాజేశం ఫోనే చేశాడు. మాట్లాడబోయి నవ్వాడు, నవ్వు ఆపుకోబోయి మళ్లీ నవ్వాడు.

"అమ్మా, ఎవ్వలు నేర్పిండ్రు మీకు ఈ భాష?"

"సీరియళ్లు చూసి నేర్చుకున్నానండీ."

"మా దిక్కు గిట్ల ఎవ్వలు మాట్లాడరమ్మా. సినిమాల రౌడీలు మాట్లాడుతరు."

నాగమల్లేశ్వరికి మొహం వేడెక్కింది. ఇంకొకరైతే ఫోన్ పెట్టేసేవారు. ఆవిడ నోట్లోంచి మాత్రం అనుకోని మాటొచ్చింది.

"మీ ఊరొస్తే నేర్పుతారా?"

"నేర్పుడైతే నాకు రాదమ్మా," అన్నాడు రాజేశం. "రండ్రి. చాయ్ అయితే పోస్తం."

ఈ సంగతి సాంబమూర్తికి ఎలా చెప్పాలా అని అత్తాకోడళ్లిద్దరూ మల్లగుల్లాలు పడ్డారు. తీరా చెబితే ఆయన చీర మడత పెడుతూ, "సిరిసిల్లా? అక్కడ సగం ఊరు మన నేతవాళ్లే కదటే. వెళ్లిరండి. వెళ్లేటప్పుడు మంచి చీర కట్టుకెళ్లు, పెడన పరువు పోకుండా," అన్నాడు.

రైల్లో వరంగల్ దాకా వెళ్లి, అక్కడినుంచి బస్సులు మారి సిరిసిల్ల చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రాజేశం స్టూడియో అంటే పెద్ద భవనమేమో అనుకుంది నాగమల్లేశ్వరి. అది వాళ్ల ఇంట్లో వెనకగది. గోడలకు స్పాంజి అతికించి, మధ్యలో మైకు పెట్టారు. పక్కిళ్లలో మరమగ్గాలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. వాటిని అక్కడ సాంచాలంటారు. అవి తిండివేళకు ఆగినప్పుడే ఇక్కడ రికార్డింగు.

"ఇప్పుడైతే నడుస్తున్నయి. జరసేపు కూసోండ్రి," అని రాజేశం వాళ్లను ముందు వరండాలో కూర్చోబెట్టి లోపలికి పోయాడు.

వరండాలో ఆయన తల్లి లచ్చవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి. ఆవిడ కళ్లు మాత్రం నాగమల్లేశ్వరి చీర మీద ఉన్నాయి.

"చేతి మగ్గందా?"

"అవునండీ. మా పుట్టింటిదే, పెడన."

లచ్చవ్వ చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది. "మా ఇంట్ల గుంత మగ్గముండె. సాంచాలచ్చినంక తీసేసిండ్రు."

"మీరు కండెలు చుట్టేవారాండీ?"

"సుట్టక? నా పెండ్లిదాకా గదే పని. అండి అండి అంటవేంది? మీరు మీరు అంటే నేనేదో ఆఫీసర్నయినట్టు కొడుతున్నది."

నాగమల్లేశ్వరి నవ్వింది. అలవాటు మారదని చెప్పింది. కండెలు చుట్టేటప్పుడు ఏం పాడుకునేవాళ్లని అడిగితే, లచ్చవ్వ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుని రెండు ముక్కలు పాడింది. నాగమల్లేశ్వరి తనవి రెండు పాడింది. మాధురి ఫోన్లో రికార్డింగు నొక్కి పక్కన పెట్టింది. ఇద్దరూ దాన్ని గమనించలేదు.

ఇంతలో ఇంట్లోంచి బియ్యప్పిండితో చేసిన సర్వపిండి వచ్చింది. మందంగా, కారంగా, వేడివేడిగా ఉంది. నాగమల్లేశ్వరి ఒక ముక్క తిని, "చాలా బాగుందండీ. కాస్త నెయ్యి తగిలితే ఇంకా..." అని ఆగిపోయింది. అతిథిగా వచ్చి అనాల్సిన మాట కాదని అప్పుడు తట్టింది.

లచ్చవ్వ కళ్లు పెద్దవి చేసింది. "నెయ్యి లేంది ముద్ద దిగదా మీ దిక్కోళ్లకు?"

ఆ మాట ఎగిరొచ్చి నాగమల్లేశ్వరి ఒళ్లో పడినట్టయింది. తప్పు సర్దుకోవడానికో, సరదాకో, చేత్తో తొడమీద తాళం వేసి అందుకుంది.

"నెయ్యి లేనిదె ముద్ద దిగదు వదినా మావైపు
నీ పంక్తిలోన కూచుంటిని, చూడవె నావైపు"

లచ్చవ్వ బీడీ చుట్టడం ఆపలేదు. దారం ముడి వేసి, తల కూడా ఎత్తకుండా బదులిచ్చింది.

"ముంగటున్న నెయ్యి గిన్నె కనబడదా వదినె
సూపంత నీ సీరంచు మీదనె పెడితివె"

మాధురి చప్పట్లు కొట్టింది. ఇద్దరు వియ్యపురాళ్లు పెళ్లి పందిట్లో ఒకరినొకరు ఎత్తిపొడుచుకుంటున్నట్టే ఉంది. ఆవిడ ఒకటి అంటే ఈవిడ ఒకటి. కూరలో ఉప్పు దగ్గర మొదలై, వంటవాళ్ల దాకా, విడిదింటి పరుపుల దాకా వెళ్లింది. పల్లవి ఎప్పుడు కుదిరిందో ఎవరికీ తెలియదు. మాధురి సన్నగా రాగం తీస్తుంటే ఇద్దరూ దానిలోకి వచ్చి పడుతున్నారు.

మెడలో హెడ్‌ఫోన్లతో రాజేశం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఏమో.

"మల్లోసారి అనుండ్రి," అన్నాడు. "మొదటి సంది."

ఆ రోజు వాళ్లు తిరిగి రాలేదు. లచ్చవ్వ పోనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వరండాలో కూర్చున్నారు. ఒక్కచోట మాత్రం పెద్ద పేచీ వచ్చింది. "కండె చుట్టినట్టు కబుర్లు చుట్టకు" అని నాగమల్లేశ్వరి కట్టింది. కబుర్లేంటి, ముచ్చట్లనాలి అని లచ్చవ్వ పట్టుబట్టింది. "ముచ్చట అంటే మా దగ్గర సరదా అండీ, కబురు కాదు," అని ఈవిడ, "కబుర్లు గిబుర్లు మా దగ్గర ఎవ్వలంటరు?" అని ఆవిడ. సర్దిచెప్పలేక రాజేశం చేతులెత్తేసి, "ఎవ్వల మాట వాళ్లదే ఉండనియ్యుండ్రి. గొడవకు గొడవ, పాటకు పాట," అన్నాడు. రెండు మాటలూ ఉండిపోయాయి. వింటే అదే పాటలో బాగా పండిన చోటు.

పాడటానికి రజిత వచ్చింది. రాజేశం ఛానల్లో అందరూ ఎదురుచూసే గొంతు ఆ అమ్మాయిదే. లచ్చవ్వ వంతు ఆమె ఒకేసారి దడదడలాడిస్తూ పాడేసింది. కృష్ణా జిల్లా వియ్యపురాలి వంతు వచ్చేసరికి గొంతు సాగదీసి, "అండీ" అన్నచోటల్లా రాగం పెట్టి, పాత సినిమాల్లో జమీందారు భార్యలా పాడింది. నాగమల్లేశ్వరికి పొట్ట పట్టుకునేంత నవ్వొచ్చింది.

"ఎవరు నేర్పారమ్మా నీకు ఈ భాష?"

"నా మీద కోపం ఆ పిల్ల మీద తీస్తున్నరు," అన్నాడు రాజేశం. రజిత కూడా నవ్వేసి, మైకు ముందునుంచి పక్కకు జరిగి, "అక్కా, నువ్వే రా," అని మాధురిని పిలిచింది.

మాధురి అత్త మొహం వైపు చూసింది. ఇంట్లో తప్ప ఎక్కడా గొంతెత్తి పాడని పిల్ల. నాగమల్లేశ్వరి కోడలి హ్యాండ్‌బ్యాగు తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. మాధురి లోపలికి వెళ్లింది. పక్కిళ్లలో సాంచాలు ఆగాయి. పాట మొదలైంది.

అది ఛానల్లోకి ఎక్కాక దేశం ఊగిపోలేదు. రాజేశం పెద్ద పాటలకొచ్చే వ్యూస్‌లో నాలుగోవంతు వచ్చాయి. మా ఛానల్లో ఈ ఆంధ్రా మాటలెందుకని కొందరు కామెంట్లు పెట్టారు. వాటికింద గుడివాడ నుంచి ఒకావిడ "మా వియ్యపురాలు అచ్చం ఇంతే" అని రాసింది. వేములవాడ నుంచి ఇంకొకావిడ "మా వియ్యపురాలు కూడా" అని జవాబిచ్చింది. పెళ్లిళ్ల రోజులు వచ్చేసరికి పాట మెల్లగా ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. విందు వడ్డించేచోట ఆడవాళ్లు దాన్ని అడిగి వేయించుకుంటున్నారని రాజేశం ఫోన్ చేసి చెప్పాడు. పాట కింద రచన అని రెండు పేర్లున్నాయి. లచ్చవ్వ, నాగమల్లేశ్వరి. సాంబమూర్తి తన ఫోన్లో దాన్ని పెద్దది చేసి, కొట్టుకు వచ్చిన హోల్‌సేల్ వాళ్లకు చీరలకంటే ముందు చూపించడం మొదలుపెట్టాడు.

ఆ ఉత్సాహంతో నాగమల్లేశ్వరి ఇంకో రెండు పాటలు తనంతట తాను కట్టి పంపింది. రెండూ వెనక్కి వచ్చాయి. "మాట కుదరలేదమ్మా," అన్నాడు రాజేశం, ఎప్పట్లాగే మర్యాదగా. ఈసారి ఆవిడకు పెద్దగా పట్టలేదు. తలుపు ఒకసారి తెరుచుకుంది, లోపల ఎవరున్నారో ఇప్పుడు తెలుసు. మధ్యాహ్నాలు పనులయ్యాక ఫోన్ స్పీకర్లో పెట్టుకుని ఆవిడ కూరగాయలు తరుగుతుంటే, అవతల లచ్చవ్వ బీడీలు చుడుతుంది. సగం సేపు మోకాళ్ల నొప్పుల గురించి, సగం సేపు పాటల గురించి. శ్రీమంతం పాట ఒకటి కావాలని రాజేశం అడిగాడు. దాన్లో గాజులవాడు రావాలని ఒకరు, వద్దు పిల్ల మేనత్త రావాలని ఒకరు.

అది ఫోన్లో తేలేలా లేదని చివరికి లచ్చవ్వే బయల్దేరుతోంది. ఎన్నడూ చూడని కృష్ణానది చూడాలట, కొండెక్కి దుర్గమ్మకు దండం పెట్టుకోవాలట, పాట సంగతి ముఖాముఖి తేల్చుకోవాలట.

"రైలు దిగాక వన్ టౌన్ వైపు గేటులోంచి బయటికి రండి. ఆటోలు ఎక్కకండి, ఉమామహేశ్ బండి తెస్తాడు," అని నాగమల్లేశ్వరి చెబుతోంది. "ఎన్నాళ్లుంటారు?"

"పాట అయ్యేదాంక ఉంట."

నాగమల్లేశ్వరి ఫోన్ చేత్తో మూసి, వంటింట్లో ఉన్న కోడలికి వినబడేలా అంది.

"మాధురీ, పెద్దగది ఖాళీ చేయిద్దాం. పాట తొందరగా అవ్వకూడదు."